ఆయాసం వస్తుందా అంటే వస్తుందన్నాను

మా ఇంట్లో కోపం నాది, ఆయాసం మా నాయనమ్మది. ఎవరిది వాళ్ళకుండేది. నేను ముక్కు మీద కోపంతోనే పుట్టానని అమ్మ అనేది. నాయనమ్మకి ఆయాసం ఎప్పుడు మొదలైందో మాత్రం ఎవరికీ తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఆవిడ నాలుగడుగులు వేసి గోడ పట్టుకునేది, “ఉండవే, ఆయాసమొస్తంది” అనేది, కాసేపాగి మళ్ళీ నడిచేది. మేం దాన్ని జబ్బనుకోలేదు. ఆవిడ నడకే అంత అనుకున్నాం.

గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఏది ఎక్కడ అయిపోతుందో తెలియకుండా కలిసిపోయే నల్లరేగడి నేలలో ఉంది మా ఊరు. ఇటు మిరప, అటు పత్తి, మధ్యలో కాలవ. మా వైపు ఆయాసం అనేది చాలా పెద్ద మాట. బస్తా మోసి దించినవాడికీ ఆయాసమే, మేడ మెట్లెక్కి వచ్చిన చుట్టానికీ ఆయాసమే, గొట్టంతో మందు పీల్చే రోగికీ ఆయాసమే. అలసటకీ జబ్బుకీ మధ్య గట్టు వెయ్యలేదు మావాళ్ళు. ఆ గట్టు లేకపోబట్టే నేను సైనిక అకాడమీ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. ఎవరూ అడ్డుపడలేదు. నా నోటితో నేనే ఆపుకున్నాను.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా తెలిసింది, ఆడపిల్లలు కూడా ఇంటర్ తర్వాత అకాడమీ పరీక్ష రాయొచ్చని. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అంతకుముందు నాకేం కావాలో నాకు తెలియదు, ఆ రోజునుంచి ఇంకేమీ అక్కర్లేదు. నాన్న నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి మనిషి. విని, “అయితే పరిగెత్తాలి గదమ్మా” అన్నాడు. అంతే, మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకెళ్ళి బాబాయికి అప్పజెప్పాడు.

బాబాయి నాన్నకి చిన్నాన్న కొడుకు. సైన్యంలో జవానుగా చేసి, పెన్షన్‌తో ఊరికొచ్చి, గేదెల్ని కూడా వరసలో నిలబెట్టే మనిషి. నన్ను ఎగాదిగా చూసి, “తూము కాణ్ణించి వంతెన దాకా, వంతెన కాణ్ణించి తూము దాకా. పో” అన్నాడు. పోయాను. వచ్చాను. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

“ఆయాసమొచ్చిందా?”

“రాలేదు బాబాయ్,” అన్నాను గొప్పకి.

“రాలా? అయితే నువ్వు పరిగెత్తలా. షికారు జేశావు. మళ్ళీ పో.”

రెండోసారి వచ్చేసరికి కాలవగట్టు నా కళ్ళముందు ఊగింది. “వచ్చింది బాబాయ్, వచ్చింది, వచ్చింది!” అన్నాను.

“అద్గదీ! ఆయాసం రాలేదన్నోడు అబద్ధమన్నా ఆడుతుండాలి, బద్ధకస్తుడన్నా అయ్యుండాలి. ఎవరడిగినా వచ్చిందని ధైర్యంగా జెప్పు. మిలట్రీలో దాపరికాలు కుదరవు.”

ఆ మాట నా ఒంట్లోకి ఇంకిపోయింది. రెండేళ్ళపాటు ప్రతి పొద్దునా ఆయన అడిగాడు, ప్రతి పొద్దునా నేను చెప్పాను.

ఆ పరుగులన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఒక్కటే పరుగుగా కలిసిపోయి కనిపిస్తాయి. ఎప్పుడూ అదే మంచు. కాలవ కనిపించదు, నీళ్ళ చప్పుడొక్కటే పక్కనే నడిచొస్తుంటుంది. పత్తి చేల తెల్లదనం మంచు తెల్లదనంలో కరిగిపోయి, చేను ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నా కాళ్ళు నావి కావన్నట్టు వాటి పని అవి చేసుకుంటూ పోయేవి. నిద్రలో ఉన్నానో, మెలకువలో ఉన్నానో అనుమానం వచ్చేది. ఎక్కడో ఒకచోట ఊపిరి మండటం మొదలయ్యేది. ఆ మంట దాటాక ఒక సులువు వచ్చేది చూడండి, దానికి నాకిప్పటికీ పేరు తెలియదు. ఆ సులువులో అకాడమీ నాకు చాలా దగ్గరగా ఉన్నట్టుండేది, మంచు కొంచెం పక్కకి జరిగితే దాని గేటు కనిపిస్తుందేమో అన్నంత దగ్గరగా.

మాఘం వచ్చేసరికి మంచు పలచబడి, గట్టు కింద కల్లాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్రగా బయటపడేవి. గాలి తిరిగిందంటే ఘాటుకి ముక్కులు పగిలిపోయేవి. కాయలు ఏరే ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని నన్ను చూసి నవ్వేవాళ్ళు. “ఎవరు తరుముతున్నారే నిన్ను?” అని కేకేసేవాళ్ళు. వాళ్ళ మధ్యలో నాయనమ్మ కూర్చుని ఉండేది, ఎర్రకాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తూ. పనిలేకుండా కూర్చుంటే ఆవిడకి తోచదు. నేను దాటిపోయే వరకూ చూసి, “నిదానమే, పడతావు” అనేది.

బాబాయికొక నమ్మకం ఉండేది, పరుగుకి మార్కులుంటాయని. పరీక్ష పద్ధతి అంతా నేను ఫోన్లో చదివితే తేలిందేమిటయ్యా అంటే, రాతపరీక్షకి మార్కులున్నాయి, తర్వాత ఐదు రోజులు పిలిచి మనిషిని వడపోసే దానికి మార్కులున్నాయి, ఒంటికి ఒక్క మార్కు కూడా లేదు. దాదాపు రెండున్నర కిలోమీటర్లు పదిహేను నిమిషాల్లో పరిగెత్తగలిగి ఉంటే మంచిదని మాత్రం రాశారు. ఒంటికి ఉన్నవి రెండే మాటలు, ఫిట్, అన్‌ఫిట్. నాకు ఒళ్ళు మండిపోయింది.

“సున్నా మార్కుల కోసమా రెండేళ్ళు నన్ను చంపింది?” అని అరిచాను బాబాయి మీద.

ఆయన తాపీగా తువ్వాలు దులుపుకున్నాడు. “మార్కులిచ్చేది కాకపోవచ్చు. ఆపేది మాత్రం అదేనే పిచ్చిదానా,” అన్నాడు. ఆ ఒక్క సంగతిలో ఆయన తప్పు చెప్పలేదు.

రాతపరీక్ష గట్టెక్కాను. బెంగుళూరు రమ్మన్నారు. ఆ ఐదు రోజులూ నాకు ఇంకొకరి జీవితంలోకి పొరపాటున వెళ్ళినట్టుంది. ఛాతీ మీద నంబరు కట్టుకుని తిరిగాను. బొమ్మలు చూసి కథలు రాశాను. తాడు పట్టుకుని ఊగి గుంట దాటాను, గోడ దూకాను, దుంగ మీద నడిచాను. అప్పుడు తెలిసింది కాలవగట్టు విలువ. మిగతా పిల్లలు రొప్పుతూ కూలబడ్డచోట నాకు ఇంకా మాట్లాడేంత ఊపిరి మిగిలి ఉంది. ఐదో రోజు ఒక ఆఫీసరు నంబర్లు చదివాడు. నా నంబరు చదివాక ఇంకేమీ వినపడలేదు. పక్కపిల్ల నన్ను ముందుకి తోసింది.

ఎంపికైన వాళ్ళని అక్కడినుంచి నేరుగా సైనిక ఆస్పత్రికి పంపారు, ఒళ్ళు పరీక్షించడానికి. తెల్ల గోడలు, గది తర్వాత గది. తడికాళ్ళతో నేలమీద నిలబెట్టి అచ్చు చూశారు, అరికాలు చదునుగా ఉందేమోనని. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూశారు. చేతులు చాపించి మోచేతి వంపు కొలిచారు. రంగు చుక్కల మధ్య దాక్కున్న అంకెలు చదవమన్నారు. పుట్టినప్పటినుంచి ఎర్రకాయల్లో తాలుకాయ వెతికిన కళ్ళు నావి, ఒక్కటీ తప్పలేదు. ఒక్కో గదిలోంచి బయటికొచ్చినప్పుడల్లా ఒక్కో గేటు తెరుచుకున్నట్టు ఉండేది.

ఛాతీ చూసే గది ముందు ఒక సహాయకుడు కూర్చుని ఫారాలు నింపుతున్నాడు. నడివయసు మనిషి. నా కాగితంలో ఊరిపేరు చూసి తలెత్తాడు. “తెలుగమ్మాయివా! మాది ఒంగోలు దగ్గరేనమ్మా,” అన్నాడు. వారం రోజులుగా ఇంగ్లీషు, హిందీ విని విని ఎండిపోయి ఉన్నాను. తెలుగు చెవినపడేసరికి నాకు ఇంటికొచ్చేసినట్టే అయింది. ఆయన ప్రశ్నలు కూడా నాకోసం తెలుగులోనే అడిగాడు పాపం, నాకు మేలు చేద్దామనే.

“ఆయాసమేమన్నా వస్తుందామ్మా?”

“వస్తుందండీ,” అన్నాను, తల పైకెత్తి, ధైర్యంగా.

“ఎప్పుడొస్తుంది?”

“పరిగెత్తినప్పుడండీ. రోజూ పొద్దున్నే వస్తుంది.”

ఆయన కలం ఆగింది. “దగ్గు?”

“మిరపకాయల రోజుల్లో వస్తుందండీ. మా ఇంటిల్లిపాదికీ.”

“ఇంట్లో ఇంకెవరికన్నా ఆయాసం ఉందా?”

“మా నాయనమ్మకుందండీ. ఎప్పట్నుంచో.”

ఆయన నా మొహంలోకి జాలిగా చూశాడు. ఊరు గుర్తొచ్చిందేమోలే అనుకున్నాను, నా తెలివి తగలెయ్య. ఆయన నేను చెప్పింది చెప్పినట్టే ఇంగ్లీషులో రాశాడు. అందులో తప్పు పట్టడానికి లేదు.

ఆ సాయంత్రం నా చేతికిచ్చిన కాగితం మీద తాత్కాలికంగా అన్‌ఫిట్ అని ఉంది. శ్రమ చేస్తే ఊపిరాడకపోవడం, ఏటా ఒక కాలంలో దగ్గు, కుటుంబంలో అదే జబ్బు, ఆస్తమా కావచ్చని అనుమానం. వేరే ఊళ్ళో పెద్ద ఆస్పత్రి ఉంది, అక్కడ ఇంకో బోర్డు ముందు అప్పీలు చేసుకోవచ్చు, కొన్ని వారాల గడువుంది అని ఒక పెద్ద డాక్టరు మర్యాదగానే వివరించాడు. నేను తలాడించాను. ఆ రాత్రంతా రైలు ఎటు పోతోందో కూడా నేను చూడలేదు.

ఇంట్లో సంగతంతా విప్పి చెప్పేసరికి బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. “వస్తదని జెప్పావా? డాక్టర్ల కాడ? ఓరి నాయనో, బుర్ర ఉందా అసలు?”

“నువ్వేగా చెప్పమంది! ఎవరడిగినా ధైర్యంగా చెప్పమంది ఎవరు?” నా గొంతు వీధి చివరికి వినపడి ఉంటుంది. “రెండేళ్ళు నోట్లో కుక్కి కుక్కి పెట్టి, ఇప్పుడు బుర్ర ఉందా అంటావా?”

ఆయన మంచం మీద కూలబడ్డాడు. తర్వాత మెల్లగా, “ఈసారి అడిగితే రాదని జెప్పు తల్లీ,” అన్నాడు. ఆయన గొంతు అలా దిగిపోవడం నేనెప్పుడూ వినలేదు. దాంతో నా కోపం కూడా ఎటూ పోలేక లోపలే ఉండిపోయింది.

నాయనమ్మ మాత్రం ఒక్కమాటే అడిగింది. “నా పేరు రాశారా అందులో?”

“పేరు రాయలేదు. నీకు ఆయాసమని రాశారు.”

 ఆ రోజునుంచి ఆవిడ ఇంట్లో దగ్గడం మానేసింది. దగ్గొస్తే లేచి పెరట్లోకి, గడ్డివాము వెనక్కి పోయేది. చాలాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే కోపమొచ్చేది. “ఇక్కడే దగ్గు! ఎవరేమన్నారు నిన్ను?” అని అరిచేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది.

నాన్న నన్ను గుంటూరులో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ మొదటిసారి ఊపిరి కొలిచే గొట్టం చూశాను. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, ఉన్న ఊపిరంతా ఒక్కసారిగా ఊదమంటారు. కంప్యూటరు మీద గీత లేస్తుంది. నా గీత చూసి డాక్టరు, “నీకేం జబ్బు లేదు, నీ నోటికే ఉంది” అని నవ్వాడు. కానీ నాయనమ్మ సంగతి విని కాస్త ఆలోచించాడు. ఆవిడది ఆస్తమా అయితే కుటుంబంలో ఉందన్న మాట కాగితం మీద అలాగే నిలుస్తుంది, కాదని తేలితే ఆ అనుమానం కూడా పోతుంది, ఒకసారి తీసుకురండి అన్నాడు. ఎలా తెలుస్తుందని అడిగాను. ముందొకసారి ఊదిస్తాం, తర్వాత మందు పీల్పించి మళ్ళీ ఊదిస్తాం, మందుకి అంకె బాగా పెరిగితే ఆస్తమా, పెరక్కపోతే కాదు అన్నాడు. పెరక్కపోతే మరి ఏమిటని నేను అడగలేదు. నాకు కావాల్సింది నాకు దొరికింది.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. నీళ్ళు కాచే పొయ్యి నాయనమ్మది. గ్యాసుతో కాస్తే నీళ్ళకి వేడి నిలవదంటుంది. పత్తికట్టె మంట, దాని పొగ, ఊదుగొట్టం, ఆవిడ. ఇంట్లో ఇంకెవరు ఊదినా పొగే వస్తుంది, ఆవిడ ఊదితే మంట వస్తుంది. నిప్పు రాజుకోవాలంటే సన్నగా ఎంతసేపైనా ఊదగలదు, మంట లేవాలంటే ఒక్క ఊపులో ఊదగలదు. మధ్యమధ్యలో ఆయాసపడుతూనే.

అంతా విని ఆవిడ రెండుసార్లు అడిగింది. “మందు పీల్చినాక పెరిగితే నీకు చెడ్డ, పెరక్కపోతే మంచిది. అంతేగా?”

“అంతే నాయనమ్మా.”

“ఊదేదానికేముంది. నా బతుకంతా ఊదుతానే ఉన్నాగా,” అంది.

తర్వాతి వారం మా పెరట్లో విచిత్రమైన శిక్షణ నడిచింది. నేను ఉన్న ఊపిరి ఎలా తీసుకోవాలో చూపించేదాన్ని, ఆవిడ ఊదుగొట్టం పట్టుకుని గాల్లోకి ఊదేది. బాబాయి వచ్చి మంచం మీద కూర్చుని, “పెద్దమ్మా, ఆయాసమొచ్చిందా?” అనేవాడు. ఆవిడ రొప్పుతూ, గుడ్లు పైకి తేలేస్తూ, “ఎబ్బే, రాలా!” అనేది. మేం ముగ్గురం పగలబడి నవ్వేవాళ్ళం. ఆ నవ్వులు కూడా ఇప్పుడు మంచులోంచి వినపడ్డట్టే ఉంటాయి.

గుంటూరు వెళ్ళే రోజు ఆవిడ పెట్టెలోంచి మంగళగిరి చీర తీసి కట్టుకుంది. పెళ్ళిళ్ళకి కట్టేది. మొదటిసారి ఊదింది. పరీక్ష చేసే కుర్రాడు “ఊదండమ్మా ఊదండి ఊదండి ఊదండి” అని అరుస్తుంటే ఆవిడ మొహమంతా కందిపోయింది. అంకె చూసి డాక్టరు పెదవి విరిచాడు. తర్వాత మందు పీల్పించారు. పావుగంట బయట బల్ల మీద కూర్చున్నాం.  ఆ పావుగంటా ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుని, తలుపు వంక చూస్తూ, చాలా మెల్లగా ఊపిరి పీలుస్తూ కూర్చుంది. భయపడుతోంది కాబోలు అనుకుని చెయ్యి పట్టుకున్నాను. రెండోసారి పిలిచారు. ఊదింది. అంకె ఉన్నచోటే ఉంది.

“మార్పు లేదు. ఆస్తమా కాదు,” అన్నాడు డాక్టరు. “పాపకి దీంతో ఇబ్బంది లేదు. రాసిస్తాను.”

నేను ఆ గదిలోనే ఎగిరి గంతేశాను. నాయనమ్మ ముక్కుమీద క్లిప్పు గుర్తు రుద్దుకుంటూ, “నేను పాసేనా బాబూ?” అంది. డాక్టరు అంకె వంక మళ్ళీ చూసి, “పాసేనమ్మా” అన్నాడు. నాన్నని పక్కకి పిలిచి పొగ, దుమ్ము తగలనివ్వొద్దని చెప్పి, పీల్చే మందొకటి రాసిచ్చాడు. నాన్న కొనుక్కొచ్చాడు. నాయనమ్మ దాన్ని ముట్టుకోలేదు. “ఇంట్లో ఆయాసం మందు కనపడితే పిల్లకి చెడ్డ,” అని దూలం మీద పెట్టించింది. మాకూ ఆ సంతోషంలో అదేమంత పట్టలేదు.

అప్పీలు బోర్డులో ఛాతీ డాక్టరు ఆడమనిషి. యూనిఫాం, నెరిసిన జుట్టు, మెత్తని గొంతు. “ఊపిరాడకపోవడం ఉందా?” అని ఇంగ్లీషులో అడిగింది. బాబాయి చెప్పమన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. గట్టిగా పరిగెత్తితే ఆయాసం వస్తుంది మేడమ్, రాకపోతే పరిగెత్తనట్టే అని మా కాలవగట్టు భాషలో నేర్చుకున్నాను అని, ఆ మాటకి మా ఊళ్ళో ఎన్ని అర్థాలున్నాయో, మిరపకాయల్లో కూర్చునే నాయనమ్మ ఆయాసంతో సహా, అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వింది. నాలుగంతస్తుల మెట్లు ఎక్కించి దింపించింది, గొట్టంలో ఊదించింది, మందిచ్చి మళ్ళీ ఊదించింది. చివరికి సంతకం పెట్టింది. ఫిట్.

తర్వాత ఆ డాక్టరమ్మ మా నాయనమ్మ పరీక్ష కాగితం తీసుకుని చదివింది. చాలాసేపు చదివింది. “దీని అర్థం మీకెవరైనా చెప్పారా?” అంది.

“ఆస్తమా కాదని చెప్పారు మేడమ్.”

“అవును. ఆస్తమా అయితే ఊపిరి దారి మందుతో తెరుచుకునేది. ఇది తెరుచుకోలేదు. అంటే ఊపిరితిత్తి పాడైపోయింది, తిరిగి రాదు. ఆవిడ ఇంకా ఆ మిరపకాయల్లోనే కూర్చుంటోందా?”

కూర్చుంటోందని చెప్పాను. డాక్టరమ్మ కాగితం మడిచి నా చేతిలో పెట్టి, “అక్కణ్ణుంచి లేపెయ్యి,” అంది.

రైల్లో రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ బయట ఎవరివో చేలు, ఎవరివో ఊళ్ళు, ఎండలో తేలిపోతూ వెనక్కి జారుతున్నాయి. గుంటూరులో నేను గంతేసింది దేనికో అప్పుడు తెలిసింది. ఆవిడ ఊపిరి తిరిగి రాదన్న మాటకి గంతేశాను. సిగ్గుతో నా మొహం నేనే దాచుకున్నాను.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా కల్లానికి వెళ్ళాను. నాయనమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని కాయల్లో కూర్చుని ఉంది.

“ఏమైందే?”

“ఫిట్.”

“చూశారటే! మేమిద్దరం పాసయ్యాం!” అని పక్కవాళ్ళకి కేకేసింది. కేకకి దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా నేను నిలబడ్డాను.

“లే,” అన్నాను. “లేవమంటే లే! ఇంకెప్పుడూ ఇక్కడ కూర్చోవద్దు. ఇక ఆ పొయ్యి కూడా వెలిగించొద్దు. వెలిగించావంటే పగలగొడతాను.” అంటూనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిణ్ణి రెక్క పట్టుకుని గట్టు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, మిలట్రీ డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. తిరిగి రాదట అని చెప్పాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

“ఏడవమాక. రెండోసారి నేను గట్టిగా ఊదలా.”

నాకు అర్థం కాలేదు.

“ఆ మందు పీల్చినాక ఎంత సులువైందనుకున్నావు! పెళ్ళికి ముందు ఉండేది నాకట్టా ఊపిరి. మర్చేపోయా. ఆ బల్ల మీద కూర్చుని పీలుస్తానే ఉన్నా, పీలుస్తానే ఉన్నా, ఎంత పీల్చినా ఇంకా పడతంది. భయమేసింది. ఇదంతా ఊదితే అంకె పెరిగిద్ది, పిల్లకి చెడ్డ అనుకున్నా. నిప్పు రాజేసేప్పుడు ఊదినట్టు సన్నగా ఊదా. గొట్టం కాడి పిల్లోడికి కూడా తెలవలా.”

 “రేపే గుంటూరు పోదాం. మళ్ళీ ఊదుదువుగాని. మందు వాడాలి,” అన్నాను.

“అకాడమీకి తీసుకున్నోళ్ళ జాబితా వచ్చిందా?”

“ఇంకా రెండు నెలలుంది.”

“అయితే వచ్చిందాకా నేను ఊదను.”

అరిచాను. బతిమాలాను. దూలం మీద మందు తీసి చేతిలో పెట్టాను, మళ్ళీ దూలం మీదే కనపడింది. నాన్న చెప్పాడు, బాబాయి చెప్పాడు. నా కాగితం మీద సంతకం అయిపోయింది, ఇక నీ అంకెతో ఎవరికీ పనిలేదు అని ఎంత చెప్పినా, “వాళ్ళు మళ్ళీ అడిగితే?” అనేది. కల్లానికి రావడం మానేసింది, అదొక్కటే ఒప్పుకుంది. మూడు రోజులు అరిచి, నాలుగో రోజు నుంచి నేను అరవడం మానేశాను. అలిసిపోయి మానేశానని అమ్మతో అన్నాను. అది నిజం కాదు. వాళ్ళు మళ్ళీ అడిగితే అన్న భయం నాలోనూ ఉంది. ఆవిణ్ణి భుజాన వేసుకుని బస్సెక్కించగల ఒళ్ళు నాకుంది, ఫిట్ అని సంతకం పెట్టిన ఒళ్ళు. రెండు నెలలూ రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద పరిగెత్తాను. ఆవిడ గోడ పట్టుకుని నడుస్తూనే ఉంది.

జాబితా వచ్చిన రోజు నా నంబరు అందులో ఉంది. నాన్న గట్టిగా చదివాడు. ఇంటినిండా జనం మూగారు. నేను వెతికేసరికి నాయనమ్మ అప్పటికే మంగళగిరి చీర కట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. “పద, బస్సు పోయిద్ది,” అంది.

గుంటూరు బస్సులో నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి, పొలిమేర దాటాక నా మోకాలు తట్టి, “ఇయ్యాళ గట్టిగా ఊదుతాలేవే,” అంది. నేను ఆవిడ మొహంలోకి చూడలేక బయటికి చూస్తూ కూర్చున్నాను.